కాయ కాయని కాఫీ

పొద్దున్నే ఫిల్టరులో డికాక్షను దిగుతున్న వాసనకే నిద్ర లేచేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుకేనేమో, “కాఫే మరోన్” అన్న పేరు కంటబడగానే ఆ కథ పూర్తయ్యేదాకా స్టౌ మీద పాలు పెట్టిన సంగతే మరిచిపోయాను. పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి.

పేరులో కాఫీ ఉంది కదా అని ఆశపడకండి. ఇది మనం తాగే కాఫీ కాదు, దానికి చుట్టం. ఆ మాటకొస్తే మన పెరట్లో పూసే నూరువరహాలు, గంధరాజం కూడా కాఫీకి చుట్టాలే! “మరోన్” అన్నది ఆ దీవుల భాషలో మాట. యజమానుల బాధ పడలేక పారిపోయి అడవుల్లో తలదాచుకున్న బానిసల్ని అలా పిలిచేవారు. అడవి మొక్కలకీ ఆ మాటే వాడతారు. అంటే, అడవి కాఫీ.

ఈ మొక్క పుట్టిల్లు రోడ్రిగ్స్ అనే చిన్న దీవి. మారిషస్‌కు తూర్పుగా 560 కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రంలో ఉంది. మారిషస్ దేశంలోదే. మారిషస్ అంటే మనకి పరాయి ఊరేం కాదు. కోరంగి రేవులో ఓడలెక్కి చెరుకు తోటల పనికి వెళ్ళిన మనవాళ్ళని అక్కడ “కోరంగీలు” అనేవారట. ఉగాదికి ఈనాటికీ అక్కడ ప్రభుత్వ సెలవు. రోడ్రిగ్స్ మాత్రం మొత్తం 108 చదరపు కిలోమీటర్లే. చుట్టూ సముద్రమున్నా లోపల నీళ్ళకి కటకటే.

1691లో ఫ్రాన్సువా లెగా అనే ఫ్రెంచివాడు, మతం పేరిట స్వదేశంలో నిలవనీయకపోతే కొందరు తోటివాళ్ళతో ఈ దీవి చేరి రెండేళ్ళున్నాడు. అప్పుడక్కడ చెట్లే చెట్లు, తాబేళ్ళే తాబేళ్ళు. నేల మీద కాలు మోపకుండా వాటి డిప్పల మీదుగానే వంద అడుగులు నడవొచ్చని రాసుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ తాబేళ్ళని వేలకి వేలు మాంసం కోసం ఓడలకెత్తారు. చెట్లు నరికారు, తగలబెట్టారు. మిగిలినవాటి పని మేకలూ పశువులూ చూసుకున్నాయి.

1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటే వింత చూడ్డానికి ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు ఈ దీవికి వచ్చారు. వాళ్ళతో వచ్చిన ఐజాక్ బేలీ బాల్ఫోర్‌కి అప్పుడు ఇరవయ్యొక్కేళ్ళు. మిగతావాళ్ళు ఆకాశం చూస్తుంటే ఈ కుర్రాడు నేలమీది మొక్కలు చూశాడు! నక్షత్రాల్లాంటి తెల్లటి పూల ఈ పొదని 1877లో లోకానికి పరిచయం చేశాడు. లేత మొక్క ఆకు ఒకలా, ముదురు మొక్క ఆకు ఇంకోలా ఉంటుందని పేరులోనే చెప్పాడు. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేసరికి అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు.

1980 ప్రాంతంలో రోడ్రిగ్స్‌లో ఒక బడిపంతులు చుట్టుపక్కల మొక్కలు చూసి రమ్మని పిల్లల్ని పంపాడు. ఓ కుర్రాడు ఒక రెమ్మ పట్టుకొచ్చాడు. అదేమిటో పంతులుకి అంతు చిక్కలేదు. లండన్‌లోని క్యూ తోటకి పంపితే, అక్కడివాళ్ళు ఉలిక్కిపడ్డారు. అది కాఫే మరోన్! రోడ్డు పక్కన, మేకలు కొరికి వదిలేసిన ఒకే ఒక్క మొక్క. ప్రపంచం మొత్తానికీ అదొక్కటే.

ఇక కాపాడాలి కదా, కంచె వేశారు. దాంతో లేనిపోని చిక్కొచ్చింది. తాగిన మర్నాటి తలపోటుకీ, సుఖవ్యాధులకీ ఈ మొక్క మందని ఊళ్ళో నమ్మకం. కంచె చూశాక అది ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది! రాత్రిళ్ళు దూకి కొమ్మలు తుంచుకుపోయేవారు. కంచె మీద కంచె కట్టాల్సి వచ్చింది. ఊరివాళ్ళని తిట్టబుద్ధి కాదు నాకు. తులసికోటలో నాలుగాకులు తుంచేటప్పుడు, ఈ మొక్క చివరిదా అని మనం ఎప్పుడైనా ఆలోచించామా?

1986లో కొమ్మ ముక్కల్ని విమానంలో క్యూ తోటకి చేర్చారు. ఒకటి బతికింది. గులాబీ కొమ్మ నాటినట్టు దాన్నించి ఇంకో మొక్క, ఇంకో మొక్క. ఏళ్ళ తరబడి విరగబూశాయి. ఒక్క కాయ లేదు. కొమ్మ నుంచి వచ్చినవన్నీ ఎన్నుంటేనేం, అదొక్క మొక్కే కదా!

2003లో కార్లోస్ మాగ్దలేనా అనే స్పెయిన్ దేశపు తోటపనివాడు పట్టుబట్టాడు. పువ్వులోని కీలాగ్రాన్ని చిన్న కత్తితో కోసి, ఆ కోసినచోట పుప్పొడి అద్దాడు. పువ్వు తర్వాత పువ్వు. చివరికి ఒక కాయ నిలిచింది. లోపల గింజలు! అవి మొలిచి పెరిగి పూశాక అసలు సంగతి బయటపడింది. కొన్నిటికి వేరే రకం పూలు పూశాయి, అవి తేలిగ్గా కాయలయ్యాయి. పాత మొక్కవి ముఖ్యంగా పోతుపూలు! గుమ్మడి పాదుకి బుట్టెడు పూలున్నా పిందె పువ్వు లేదని మా అమ్మమ్మ పొద్దున్నే చూసి చెప్పేసేది. ఇక్కడ అది తేలడానికి పదిహేడేళ్ళకి పైనే పట్టింది. పాపం, వాళ్ళకి పోల్చుకోవడానికి పక్కన ఇంకో పాదు లేదుగా.

గింజల్నీ మొక్కల్నీ మళ్ళీ రోడ్రిగ్స్ పంపించారు. మొలిచిన లేత మొక్కల్ని చూస్తే బాల్ఫోర్ మాట అక్షరాలా నిజం. ముదురు ఆకు వెడల్పుగా పచ్చగా నిగనిగలాడుతుంది. పసి మొక్క ఆకు మాత్రం సన్నగా, పొడుగ్గా, గోధుమరంగులో ఎండిపోయినట్టుంటుంది. తాబేళ్ళ కంట పడకుండా ఆ వేషమని శాస్త్రజ్ఞుల ఊహ. తల అందేటంత ఎత్తు దాటాకే పచ్చబడుతుందట. ఆ తాబేళ్ళు పోయి రెండు వందల ఏళ్ళు దాటింది. పసి మొక్కకి ఆ కబురెవరూ చెప్పలేదు. నా పెరట్లో మొలిచుంటే ఎండుపుల్ల అనుకుని చీపురుతో ఊడ్చేసి ఉందును.