మద్రాసు రేడియో నుంచి నెల్లూరు ఎఫ్.ఎం. దాకా: యాజమాన్యాలు, ప్రసారరూపాలు, తీరప్రాంత శ్రోత (1924–2022)

వ్యాససంగ్రహం:
నెల్లూరు తీరానికి సుమారు వందేళ్ళ రేడియో అనుభవం ఉంది. అందులో అధికభాగం ఇతర నగరాల కేంద్రాలను వినడంగానే గడిచింది. ఈ తీరానికి అన్నిటికంటె దగ్గరగా ఉన్న మద్రాసు కేంద్రం క్లబ్బు చేతి నుంచి నగరపాలక సంస్థకు, అక్కడి నుంచి కేంద్రప్రభుత్వానికి, చివరకు ప్రసారభారతికి మారింది. యాజమాన్యం మారిన ప్రతిసారీ ‘స్థానిక శ్రోత’ అనే భావన కూడా మారింది. ఆ మార్పులను కాలక్రమంలో పరిశీలించి, ‘స్థానిక కేంద్రం’ అనే మాటకు నెల్లూరు తీరాన ఏ అర్థం ఏర్పడిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మద్రాసు రేడియో, ఆకాశవాణి, నెల్లూరు తీరం, స్థానికత, తెలుగు ప్రసారాలు, తుపాను హెచ్చరికలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో రేడియోచరిత్ర ప్రధానంగా కేంద్రాల చరిత్రగా నమోదైంది. ఏ కేంద్రం ఏనాడు మొదలైంది, ఎవరు ఏ నాటికను ప్రయోగించారు, ఏ కవి ఏ గీతం రాశారు అన్న విషయాలు అనేక జ్ఞాపకాల సంపుటాల్లో కనిపిస్తాయి. కేంద్రం లేని ఊళ్ళలో రేడియో ఎట్లా వినబడింది అన్న ప్రశ్నకు వాటిలో చోటు తక్కువ. ఆ ప్రశ్నకు నెల్లూరు తీరం తగిన ఉదాహరణ.

నెల్లూరు పట్టణం మద్రాసుకు దాదాపు 175 కిలోమీటర్లు, విజయవాడకు దాదాపు 280 కిలోమీటర్లు. పులికాటు సరస్సు నుంచి కావలి దాకా సాగే ఈ తీరం పరిపాలనలో ఒక దిక్కుకూ, దూరంలో మరొక దిక్కుకూ చెందింది. ఇక్కడి మత్స్యకారుల్లో ప్రధానమైన పట్టపువారిలో తమిళం కలిసిన మాట ఇంటిభాషగా ఉంది. ఈ రెండు భాషల నేపథ్యాన్ని విడిచి ఇక్కడి రేడియో శ్రవణాన్ని అర్థం చేసుకోలేం.

2. క్లబ్బు, కార్పొరేషన్ (1924–1938):

1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. సి.వి. కృష్ణస్వామి చెట్టి దాని ప్రధాన కారకుడు. అదే ఏడాది జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. మొదటి ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు, తరువాతిది 200 వాట్లు. పేరులో ‘ప్రెసిడెన్సీ’ ఉన్నా ఆ శక్తితో క్లబ్బు చేరుకోగలిగింది నగరాన్నీ పరిసరాలనూ మాత్రమే. సభ్యుల చందాలతో నడిచిన ఈ సంస్థకు సభ్యుడే శ్రోత. ఆర్థికమైన ఇబ్బందులతో 1927 అక్టోబరులో ప్రసారాలు ఆగిపోయాయి. మరుసటి నెల తొలిరోజుల్లోనే నెల్లూరు తీరాన్ని తీవ్రమైన తుపాను తాకింది. ఈ రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం లేదు. క్లబ్బు కొనసాగి ఉన్నా దాని గొంతు ఆ తీరానికి చేరేది కాదు. అయితే ప్రసారాల ఉనికి, తీరం అవసరం ఒకదానికొకటి ఎంత దూరంగా మొదలయ్యాయో ఈ సామీప్యం చూపుతుంది.

క్లబ్బు తన పరికరాలను మద్రాసు కార్పొరేషన్‌కు అప్పగించింది. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషన్ క్రమబద్ధంగా ప్రసారాలు నడిపింది. అదే సమయంలో బొంబాయి, కలకత్తాలలో ప్రైవేటు రంగానికి చెందిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ దివాలా తీయగా, ఆ రెండు కేంద్రాలూ ప్రభుత్వాధీనమయ్యాయి. మద్రాసులో మాత్రం ఒక నగరపాలక సంస్థ రేడియోను నడపడం విశేషం. సాయంకాలపు సంగీతం, పాఠశాల పిల్లలకు పాఠాలు, కథలు దాని ప్రధాన కార్యక్రమాలు. మెరీనా తీరంలోనూ ఉద్యానవనాల్లోనూ లౌడ్‌స్పీకర్లు అమర్చి, రేడియో కొనలేని వారికి కూడా వినిపించారు. వీధిదీపం, మంచినీటి కుళాయి వలె రేడియో కూడా పౌరసదుపాయమైంది. శ్రోత నిర్వచనం సభ్యుడి నుంచి పౌరుడికి విస్తరించింది. నగరపు ఎల్లను మాత్రం దాటలేదు.

3. భాషాసమయం (1938–1953):

1938 జూన్ 16న మద్రాసులో ఆల్ ఇండియా రేడియో కేంద్రం ప్రారంభం కావడంతో కార్పొరేషన్ ప్రసారాలు ముగిశాయి. కొత్త యజమాని ఢిల్లీలో ఉన్న ప్రభుత్వం. కొత్త శ్రోత ప్రెసిడెన్సీలోని భాషాసమూహం. ‘తెలుగు ప్రసారాలు’ అనే విభాగం, వాటికంటూ నిర్ణీతమైన వేళలు ఈ దశలోనే స్థిరపడ్డాయి. నెల్లూరు తీరానికి రేడియో వినవలసిన వస్తువుగా మారిన కాలం కూడా ఇదే.

బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఈ కేంద్రంలో చేరారు. ఆచంట జానకిరామ్, బుచ్చిబాబు వంటి సాహితీవేత్తలు ఇక్కడ పనిచేశారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’లుగా పిల్లలకు ఆత్మీయులయ్యారు. 1945లో వారు మద్రాసు నుంచే ‘బాల’ పత్రికను ప్రారంభించారు. 1947 ఆగస్టు 15న రజనీకాంతరావు రచించిన స్వాతంత్ర్యగీతాన్ని టంగుటూరి సూర్యకుమారి గానం చేయగా మద్రాసు కేంద్రమే ప్రసారం చేసింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశపు ఆల్ ఇండియా రేడియోకు ఉన్న కేంద్రాలు ఆరు. అందులో ఒక్కటి కూడా తెలుగునేల మీద లేదు. నైజాం రాజ్యంలోని దక్కన్ రేడియో ఆ వ్యవస్థకు వెలుపలిది.

దక్కన్ రేడియోతో పోల్చితే మద్రాసు ప్రత్యేకత స్పష్టమవుతుంది. హైదరాబాదులో మహబూబ్ అలీ వ్యక్తిగత ప్రయత్నంగా ఆరంభమైన కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది. 1950 ఏప్రిల్ 1న అది ఆల్ ఇండియా రేడియోలో కలిసింది. అక్కడ యాజమాన్యం మార్పు పాలనాధికారపు మార్పుతో ముడిపడింది. మద్రాసులో అది శ్రోతలెవరు అన్న నిర్వచనపు మార్పుతో ముడిపడింది.

ఒకే కేంద్రంలో రెండు భాషలు సమయాన్ని పంచుకోవడం ఘర్షణ లేకుండా సాగలేదు. కర్ణాటక సంగీతంలో త్యాగరాజాదుల తెలుగు కృతులదే ప్రాధాన్యం కాబట్టి, తమిళశ్రోతకు కూడా తెలుగుమాట నిత్యం వినబడేది. 1940ల తొలినాళ్ళలో బలపడిన తమిళిసై ఉద్యమం కచేరీలలో తమిళపాటకు తగిన చోటు కోరినప్పుడు సంగీతసభలతోపాటు రేడియో కూడా ఆ చర్చలోకి వచ్చింది. రేడియోలో గంటలను లెక్కించడం భాషల బలాన్ని లెక్కించడంగా పరిణమించింది.

4. రాష్ట్రసరిహద్దు, తరంగమార్గం:

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రంలో నెల్లూరు చేరింది, మద్రాసు చేరలేదు. తెలుగు ప్రసారాల బరువు క్రమంగా విజయవాడకు, ఆపై హైదరాబాదుకు మారింది. రజనీకాంతరావు, బుచ్చిబాబు ఇద్దరూ తరువాత విజయవాడ కేంద్రంలో పనిచేయడం ఈ మార్పుకు సూచన.

నెల్లూరు తీరంలో దీనివల్ల ఒక విచిత్రమైన స్థితి ఏర్పడింది. దగ్గరి కేంద్రం మరో రాష్ట్రానిదైంది. సొంత రాష్ట్రపు కేంద్రం దూరంగా ఉంది. మధ్యతరహా తరంగాలు పగటివేళ నేలను అంటిపెట్టుకొని ప్రయాణిస్తాయి. ఉప్పునీటికి విద్యుద్వాహకశక్తి ఎక్కువ కాబట్టి సముద్రం మీదుగా అవి నేలమీద కంటె తక్కువ నష్టంతో సాగుతాయి. ఈ కారణంగా తీరగ్రామానికి మద్రాసు ప్రసారం అందడం రాజకీయసరిహద్దు మీద ఆధారపడలేదు. రెండు భాషలూ తెలిసిన తీరవాసికి తమిళప్రసారం పరాయిది కూడా కాదు. రాష్ట్రం భాషను బట్టి విడిపోయింది. శ్రవణం మాత్రం తరంగమార్గాన్ని బట్టి కొనసాగింది.

విజయవాడ ఈ తీరానికి ఇచ్చినది వేరు. భక్తిరంజని, ఉషశ్రీ పురాణప్రవచనాలు, ధర్మసందేహాలు, నాటకాలు కోస్తా అంతటినీ ఒకే శ్రోతృసమాజంగా కలిపాయి. అందుకు వాడిన భాష ప్రధానంగా కృష్ణా, గుంటూరు ప్రాంతాల శిష్టవ్యావహారికం. ‘ఏంది’, ‘ఎట్టా’, ‘ఆడ’, ‘ఈడ’ అనే నెల్లూరు పలుకుబడి ఇంటి అరుగు మీద ఉండిపోయింది. ఈ జిల్లా మాటకు దర్గామిట్ట కథల వంటి రచనల్లో మహమ్మద్ ఖదీర్‌బాబు సాహిత్యగౌరవం కల్పించారు. అచ్చులో దక్కిన ఆ చోటు రేడియోలో దక్కడానికి సొంత స్టూడియో అవసరమైంది.

5. సినిమాపాట, సిలోను, వివిధభారతి:

1952 నుంచి సమాచారప్రసార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ శాస్త్రీయసంగీతానికి పెద్దపీట వేసి, సినిమాపాటను కట్టడి చేశారు. శ్రోతలు రేడియో సిలోను వైపు మళ్ళారు. మీనాక్షి పొన్నుదురై వ్యాఖ్యానంతో వచ్చిన అక్కడి తెలుగుపాటల కార్యక్రమం తెలుగుశ్రోతలకు చిరపరిచితం. మద్రాసు స్టూడియోలలో తయారైన తెలుగుపాట కొలంబో చుట్టూ తిరిగి నెల్లూరుకు చేరిన కాలం అది. 1957 అక్టోబరు 3న మొదలైన వివిధభారతి ఈ పోటీకి ప్రభుత్వం ఇచ్చిన సమాధానం. 1967లో దానికి వాణిజ్యప్రకటనలు తోడయ్యాయి. యజమాని మారకుండానే ప్రసారరూపం మారిన సందర్భం ఇది. శ్రోత ఇప్పుడు భాషాసమూహంలో సభ్యుడే కాక వినియోగదారుడు కూడా అయ్యాడు.

కేస్కర్ తరువాత 1962లో ఆ శాఖను చేపట్టినవారు నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళేనికి చెందిన బెజవాడ గోపాలరెడ్డి. శాంతినికేతనంలో చదివి, రవీంద్రుణ్ణి తెలుగులోకి అనువదించిన కవి ఆయన. కడప, విశాఖపట్నం కేంద్రాలు 1963లో ఆరంభమయ్యాయి. నెల్లూరుకు అప్పుడు కేంద్రం రాలేదు. మంత్రి సొంత జిల్లా అన్నది కేంద్రాల స్థాపనకు ప్రాతిపదిక కాలేదని దీనివల్ల తెలుస్తుంది. కేంద్రాల మధ్య ఖాళీగా మిగిలిన తీరం ఆ ప్రణాళికలో ముందుకు రాలేదని కూడా తెలుస్తుంది.

6. తుపానుకాలపు రేడియో:

స్థానికత అనే ప్రశ్న సాహిత్యసంగీతాల పరిధి దాటి ప్రాణాలకు సంబంధించినదయ్యే సందర్భం తుపాను. 1979 మే, 1984 నవంబరు, 1989 నవంబరు తుపానులు ఈ తీరాన్నీ దాని పరిసరాలనూ తీవ్రంగా దెబ్బతీశాయి. వీటిలో 1984 నాటిది శ్రీహరికోట సమీపంలో, 1989 నాటిది కావలి సమీపంలో తీరం దాటాయి. గాలికి కరెంటు స్తంభాలు, టెలిఫోను తీగలు ఒరిగినప్పుడు బ్యాటరీతో పనిచేసే ట్రాన్సిస్టరే బయటి ప్రపంచంతో మిగిలే సంబంధం.

అయితే హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తుందన్నది దాని వివరాన్ని నిర్ణయిస్తుంది. దూరకేంద్రం ఇచ్చే హెచ్చరికలో తీరం దాటే చోటు రెండు పట్టణాల నడుమ దూరంగా చెప్పబడుతుంది. రేవులో ఎగరేసిన ప్రమాదసూచిక సంఖ్య చెప్పబడుతుంది. జువ్వలదిన్నె, మైపాడు, ఇసకపల్లి వంటి ఊళ్ళకు కావలసింది అంతకంటె దగ్గరి సమాచారం. పడవలు ఏ వేళకు ఒడ్డు చేరాలి, ఏ బాట నీట మునిగింది, ఏ బడిలో ఆశ్రయం ఉంది అన్నవి వారి ప్రశ్నలు. నాలుగైదు జిల్లాలకు ఒకేసారి మాట్లాడే కేంద్రానికి ఒక రేవుతో మాట్లాడే వ్యవధి ఉండదు. దీన్ని కేంద్ర సిబ్బంది లోపంగా భావించరాదు. ఇది ప్రసారపరిధి విస్తృతి నుంచి పుట్టిన పరిమితి.

7. ఎఫ్.ఎం. దశ, నెల్లూరు కేంద్రం:

దేశంలో తొలి ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న మద్రాసులోనే మొదలైంది. ఎఫ్.ఎం. తరంగం దాదాపు సరళరేఖలో సాగి, స్తంభపు ఎత్తును బట్టి కొద్ది దూరంలోనే బలహీనపడుతుంది. ఒక నగరానికి ఒక కేంద్రం అన్న కార్పొరేషన్ కాలపు భావన సాంకేతిక కారణాలతో తిరిగి వచ్చినట్లయింది. 1995లో సుప్రీంకోర్టు ప్రసారతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 1997లో ఆకాశవాణి ప్రసారభారతి కిందికి వచ్చింది. 2001 నుంచి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు నగరాల్లో వెలిశాయి. ఇవి ప్రకటనల రాబడిపై ఆధారపడటంతో సినిమాపాటే ప్రధాన ప్రసారరూపమైంది. 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతంలో మొదలైన సంఘం రేడియో వీటికి భిన్నమైన మార్గం చూపింది. అక్కడ గ్రామీణ దళితస్త్రీలు తమ మాటలోనే తమ వ్యవసాయాన్ని గురించి ప్రసారం చేశారు. 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తులలో ఒకరైన పి.బి. సావంత్ ఆ కేంద్రాన్ని ప్రారంభించడం అర్థవంతం.

2022 ఏప్రిల్‌లో నెల్లూరులో 10 కిలోవాట్ల ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రాన్ని అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించారు. ఆయన ఇదే జిల్లా వారు. 2016–17లో సమాచారప్రసార మంత్రిగా కూడా పనిచేశారు. ఈ శాఖకు ఇద్దరు మంత్రులను అందించిన జిల్లాకు ఈ కేంద్రం మద్రాసు క్లబ్బు స్థాపనకు 98 ఏళ్ళ తరువాత వచ్చింది. అదే నెలలో జరిగిన జిల్లాల పునర్విభజనలో గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరాయి. పరిపాలనాపటం మరోసారి మారింది. తరంగం మాత్రం పాత, కొత్త జిల్లాల తీరాన్ని కలిపే అవకాశాన్ని నిలుపుకొంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. క్లబ్బుకు సభ్యుడు, కార్పొరేషన్‌కు పౌరుడు, ఆల్ ఇండియా రేడియోకు భాషాసమూహం, వాణిజ్యప్రసారానికి వినియోగదారుడు శ్రోతలయ్యారు. ‘స్థానికత’ను భూగోళంకంటె యాజమాన్యమే ఎక్కువగా నిర్ణయించింది.

2. 1953 తరువాత నెల్లూరు తీరాన భాషాసరిహద్దు, శ్రవణసరిహద్దు ఒకటి కాలేదు. ద్విభాషాశ్రోతలను పరిగణించకుండా తెలుగురేడియో చరిత్ర సమగ్రం కాదు.

3. ప్రసారస్తంభం ఉండటం వేరు, ఆ ఊరి మాటకు స్టూడియోలో వేళ ఉండటం వేరు. మొదటిది 2022లో నెల్లూరుకు సమకూరింది. రెండవదాన్ని రోజువారీ కార్యక్రమాల పట్టికలో స్థానికప్రసారాలకు, ఇతర కేంద్రాల పునఃప్రసారాలకు దక్కే గంటలను బట్టి కొలవాలి. తీరానికి వచ్చే తరువాతి తుపాను వేళ ఆ కొలత మరింత ముఖ్యమవుతుంది.

4. మద్రాసు, విజయవాడ, సిలోను కేంద్రాలను విన్న తరం ఇప్పుడు వయోవృద్ధులది. తీరగ్రామాల్లో వారి శ్రవణానుభవాలను సేకరించి భద్రపరచడం తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకులు వెంటనే చేపట్టదగిన పని. అటువంటి సేకరణకు నెల్లూరు కేంద్రమే వేదిక కాగలిగితే, ఈ తీరం తన రేడియో చరిత్రను తన కేంద్రం నుంచే వినగలుగుతుంది.