గ్రాంటు కొలువు ఇచ్చింది, నిచ్చెన ఇవ్వలేదు

లోపల్లోపల కుంగిపోతున్న వాడ పిల్లవాడి బాధ వాడలో పుట్టి పెరిగిన మనిషికే ముందు అర్థమవుతుంది. డాక్టరు అక్కర్లేదని మేము అనడం లేదు. డాక్టరు దగ్గరికి పోకముందూ, పోయొచ్చిన తర్వాతా ఆ పిల్లవాడి మాట వినే మనిషి ఒకరుండాలి. నిధులిచ్చే సంస్థలు ఈ సంగతిని ఇవాళ కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నాయి. యువత మానసిక ఆరోగ్యం కోసం డాక్టర్లు కాని కార్యకర్తలను తయారుచెయ్యమని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తున్నాయి. కాని ఈ పనికి అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. అది అమెరికాలోని నల్లజాతి, ప్యూర్టోరికన్ పేటల చరిత్ర. దాన్ని మనమెందుకు చదవాలి? గ్రాంటు ఏమిస్తుందో, ఏమివ్వదో అక్కడ ముందే తేలిపోయింది గనుక.

1963 అక్టోబరు 31న కెన్నెడీ మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టంపై సంతకం చేశాడు. రోగులను ఏళ్ళ తరబడి గోడల మధ్య పడేసే పెద్దాసుపత్రుల బదులు, జనం బతికే చోటనే కేంద్రాలు పెట్టాలన్నది దాని ఉద్దేశం. 1964లో జాన్సన్ ప్రభుత్వం పేదరికంపై యుద్ధం ప్రకటించి మరో చట్టం తెచ్చింది. పేదల కోసం పెట్టే కార్యక్రమాల్లో పేదలకే వీలైనంత భాగం ఉండాలని అందులో రాసుకున్నారు. ఒకపక్క కొత్త కేంద్రాల్లో కూర్చోడానికి చదువుకున్న నిపుణులు చాలరు. ఇంకోపక్క నల్లవాళ్ళ పేటల్లో పనిలేని యువత. ఈ రెంటినీ కలిపి చూసినవాళ్ళు ఆర్థర్ పెర్ల్, ఫ్రాంక్ రీస్‌మన్. పేదలకు కొత్త వృత్తులు కావాలంటూ 1965లో వాళ్ళు పుస్తకం రాశారు. పేదవాడిని సహాయకుడిగా తీసుకుని అక్కడే వదిలెయ్యకూడదు, పని చేస్తూ చదువుకుని మెట్టు మెట్టుగా నిపుణుడి స్థాయికి ఎక్కే దారి ఉండాలి అన్నది వాళ్ళ వాదన.

ఈ ప్రయోగం మొదలైన చోట్లలో ఒకటి వాషింగ్టన్‌లోని నల్లజాతి విద్యాసంస్థ, హోవర్డ్ విశ్వవిద్యాలయం. 1964లో అక్కడ బడి మానేసిన యువతీ యువకులను పిల్లల సంరక్షణకు, ఆటపాటల నిర్వహణకు, సామాజిక పరిశోధనకు సహాయకులుగా తయారుచేశారు. నిన్నటిదాకా 'సమస్య' అని లెక్కగట్టిన పిల్లలే పనివాళ్ళయ్యారు. ఇతరులకు సాయం చేసే మనిషి తనూ కోలుకుంటాడని రీస్‌మన్ 1965లోనే రాశాడు.

ఇక న్యూయార్క్ సంగతి. సౌత్ బ్రాంక్స్‌లోని లింకన్ ఆసుపత్రి చుట్టూ ఉండేది ఎక్కువగా నల్లవాళ్ళు, ప్యూర్టోరికన్లు. ఆ ఆసుపత్రి మానసిక ఆరోగ్య విభాగాన్ని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల నడిపేది. పేదరికంపై యుద్ధం నిధులతో 1965లో ఆ విభాగం వీధుల్లోని దుకాణపు గదుల్లో సేవాకేంద్రాలు తెరిచింది. వాటిలో కూర్చున్నది ఆ వీధుల మనుషులే. జనం ఏ బాధతో వచ్చారు? ఇల్లు ఖాళీ చెయ్యమనే యజమాని, అందని సంక్షేమ సాయం, దొరకని పని. కార్యకర్తలు ఊరికే విని పంపెయ్యలేదు, ఆఫీసులకు వెంటబడి వెళ్ళారు. మనసు నొచ్చడానికి కారణం మనసు బయట కూడా ఉంటుందని వాళ్ళకు ఏ పుస్తకమూ చెప్పాల్సిన పని లేకపోయింది.

కాని నిచ్చెన ఏది? 1966లో న్యూయార్క్ ప్రతినిధి జేమ్స్ షోయర్ తెచ్చిన సవరణతో కొత్త వృత్తుల పథకానికి కేంద్ర నిధులొచ్చాయి. కొలువులు పుట్టాయి. పై మెట్టు మాత్రం పట్టాలున్న వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. 1969 మార్చిలో లింకన్‌లో కొందరు కార్యకర్తలను తీసేశారు. తక్కినవాళ్ళు పాలనా కార్యాలయాలను ఆక్రమించారు. మాకు ఎదుగుదల కావాలి, ఈ కేంద్రంపై ఈ పేటకు అధికారం కావాలి అన్నారు. ఆక్రమణ ఎక్కువ కాలం నిలవలేదు గాని ప్రశ్న నిలిచింది. 1970 జులైలో యంగ్ లార్డ్స్ యువకులు అదే ఆసుపత్రిని ఆక్రమించారు. ఆ నవంబరులో బ్లాక్ పాంథర్లతో కలిసి మత్తుకు బానిసలైన వాళ్ళ కోసం అక్కడే చికిత్సాకేంద్రం నిలబెట్టారు. 1978లో నగర ప్రభుత్వం వాళ్ళను అక్కణ్ణుంచి వెళ్ళగొట్టింది. 1981లో రేగన్ ప్రభుత్వం మానసిక ఆరోగ్య కేంద్రాలకు నేరుగా వెళ్ళే కేంద్ర నిధులను మొత్తంగా రాష్ట్రాలకిచ్చే గ్రాంటులో కలిపేసి కోతపెట్టింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2024లో అమెరికాలో 18 నుంచి 24 ఏళ్ళ వాళ్ళతో యువత మానసిక ఆరోగ్య దళం మొదలైంది. ప్రైవేటు దాతల డబ్బుకు ప్రభుత్వ సేవాసంస్థ అమెరికోర్ తోడైంది. 2025 ఏప్రిల్‌లో అదే అమెరికోర్ ఇచ్చే గ్రాంట్లలో దాదాపు 40 కోట్ల డాలర్లను ప్రభుత్వం ఒక్కసారిగా రద్దు చేసింది. తర్వాత కోర్టు జోక్యంతో కొన్ని తిరిగొచ్చాయి. అయినా ఒక్క ఉత్తర్వుతో ఊడే కొలువు ఎవరికి భరోసా ఇస్తుంది?

కులం పనిని పంచి ఊరుకోదు, పనిచేసే మనుషులనే ఒకరి కింద ఒకరుగా విడదీస్తుందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో చూపించారు. లింకన్‌లో జరిగిందీ అటువంటిదే. బాధను మోసే పని వాడకు, బాధకు పేరుపెట్టే అధికారం పైవాళ్ళకు.

మన దగ్గర ఈ విభజన లేదా? 2014 జనవరిలో మొదలైన కిశోర స్వాస్థ్య కార్యక్రమంలో మానసిక ఆరోగ్యమూ ఒక అంశమే. తోటి పిల్లలతో మాట్లాడ్డానికి ఊళ్ళలో పిల్లలనే ఎంచుకున్నారు. అది జీతమున్న పని కాదు. జనానికీ ఆసుపత్రికీ మధ్య నడిచే ఆశా కార్యకర్తలు స్థిర వేతనం కోసం 2015లో తెలంగాణలో వంద రోజులకు పైగా సమ్మె చెయ్యాల్సొచ్చింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలంది. మంచిదే. కాని ఆ కుర్చీలో కూర్చునేదెవరు?

2016 జనవరిలో హాస్టల్ నుంచి వెళ్ళగొట్టిన దళిత విద్యార్థులు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వెలివాడ కట్టుకున్నారు. ఆ నెల 17న రోహిత్ వేముల చనిపోయాడు. ఆ పిల్లలకు కావలసింది ఓదార్పు ఒక్కటే కాదు, వెలి ఎత్తెయ్యడం. వెలిని వెలి అనలేని కౌన్సెలర్ వాళ్ళకేం చెయ్యగలడు?

అందుకే గ్రాంటు తీసుకునే సంస్థలను, ఇచ్చేవాళ్ళను మనం కొన్ని ప్రశ్నలు అడగాలి. కార్యకర్తకు జీతమా, గౌరవ వేతనమా? గ్రాంటు అయిపోయాక ఆ కొలువును ప్రభుత్వం తీసుకుంటుందా? పని చేస్తూ పట్టా పుచ్చుకునే దారి ఉందా? కార్యవర్గంలో వాడ మనిషి ఉన్నాడా? బాధకు కారణం కులమని కార్యకర్త రాస్తే ఆ మాట నివేదికలో మిగులుతుందా?

వీటికి జవాబు లేని గ్రాంటు మన పిల్లలకు మూడేళ్ళ కొలువిచ్చి పోతుంది. వాళ్ళను నమ్ముకుని గుండె విప్పిన పిల్లలు మాత్రం నాలుగో ఏడు కూడా ఆ వాడలోనే ఉంటారు.