సృష్టికర్త ప్రశ్న: నేలకొండపల్లి నుంచి యెల్లందు దాకా

ఖమ్మానికి దగ్గరలోని నేలకొండపల్లిని చాలామంది భద్రాచల రామదాసు పుట్టిన వూరుగా యెరుగుదురు. ఆ వూరి పొలిమేరలోనే పెద్ద ఇటుకల బౌద్ధస్తూపం వుందన్న సంగతికి అంత ప్రచారం లేదు. వొకే వూరిలో, వెయ్యేళ్లకు పైబడిన యెడంతో, సృష్టికర్తను వొప్పుకోని మతమూ, ఆ సృష్టికర్తకు గుడి కట్టించి ఖైదుకు వెళ్లిన భక్తుడూ నిలిచారు. విశ్వం వుండటానికి దేవుడు కావాలా, భౌతికశాస్త్రం చాలునా అన్న చర్చ పడమటి నుంచి దిగుమతి అయిన సరుకని వాదించేవారు ముందు యీ వూరు చూసి రావాలి.

బౌద్ధులు సృష్టికర్తను కాదన్న తీరు వుత్త యెగతాళి కాదు. దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తంలో వొక కథ వుంది. ముడుచుకుపోయిన లోకం మళ్లీ విచ్చుకునే వేళ, ఖాళీగా వున్న బ్రహ్మభవనంలో వొక జీవి మొదట పుడతాడు. చాలాకాలం వొంటరిగా గడిపి, తోడు యెవరైనా వస్తే బాగుండునని కోరుకుంటాడు. పైలోకాల్లో ఆయువో పుణ్యమో తీరిన మరికొందరు ఆ తరువాత అక్కడికి వచ్చిపడతారు. నేను కోరాను, వీళ్లు వచ్చారు, కనుక వీళ్లను పుట్టించినది నేనే అని మొదటివాడు తేల్చుకుంటాడు. వచ్చినవాళ్లు కూడా, తమకంటే ముందే అతడు అక్కడ వుండటం చూసి, అవునంటారు. కాకి వాలడం, తాటిపండు పడటం అని మనవాళ్లు చెప్పే కాకతాళీయ న్యాయం యిదే. ముందు వుండటం వేరు, కారణం కావడం వేరు. ప్రతి వస్తువూ మరికొన్ని పరిస్థితుల మీద ఆధారపడి పుడుతుందనే ప్రతీత్యసముత్పాదాన్ని బౌద్ధులు ఆ కర్త స్థానంలో నిలిపారు; గొలుసుకు మొదటి లంకె కోసం వెతకలేదు. అయితే దీన్నే ఆధునిక విజ్ఞానమని చంకలు గుద్దుకోనక్కరలేదు. కర్మా, పునర్జన్మా ఆ గొలుసులోనే వున్నాయి.

ఇక గోపన్న సంగతి. ఆయన తానీషా (1672–1687) యేలుబడిలో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టి గోల్కొండలో ఖైదయ్యాడు. నగలకు యెంతెంత అయిందో రాముడికే లెక్క చెప్పి నిలదీశాడు. రామలక్ష్మణులు స్వయంగా వచ్చి ఆరు లక్షలు కట్టి రసీదు పుచ్చుకున్నారని జనం చెప్పుకున్నారు. భక్తిరసం మాట అటుంచి, యీ దేవుడి రూపురేఖలు గమనించండి. ఆయన బాకీ వుంటాడు, చెల్లు రాయించుకుంటాడు. నక్షత్రాలు యెలా పుట్టాయన్నది ఖైదులో వున్న తహసీల్దారు ప్రశ్న కాదు. తనను విడిపించగల పెద్ద ప్రభువు యెవరన్నదే ఆయన ప్రశ్న. పన్ను వసూలు చేసే రాజ్యంలో దేవుడికి కూడా ఖజానా లక్షణాలు వచ్చాయి.

గోదావరి వొడ్డున భద్రాచలం దాటితే అడవి. దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ 1870ల్లో యిక్కడి కోయల ఆచారాలను వ్రాసిపెట్టాడు. అందులో పంటకు వొక దేవత, పులులను అదుపులో వుంచడానికి కొర్రరాజు వున్నారు. కోయల నోటికథల్లో పుట్టుక ముచ్చట లేదని కాదు. కొలుపు మాత్రం యేడాది గడవడానికి సంబంధించినది. బ్రహ్మజాల కథలో మొదట వచ్చినవాడు యజమాని అయ్యాడు. యీ అడవిలో అదికూడా జరగలేదు. చివర వచ్చినవాడే యజమానినన్నాడు. రేకపల్లి ప్రాంతం 1874లో మద్రాసు యేలుబడిలోకి వచ్చాక పోడుమీద పన్ను పెరిగింది. 1879 రంపా తిరుగుబాటు అక్కడికీ పాకింది. సృష్టికర్త యెవరన్న చర్చ వెనకనే హక్కుదారు యెవరన్న చర్చ నడుస్తుందని మరువకూడదు.

యెల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గును కనుగొన్నాడు. సింగరేణి అన్న పేరు ఆ పక్క పల్లెదే. ఆ బొగ్గు దాదాపు 25, 30 కోట్ల యేళ్లనాటి అడవి. దానిలో దొరికే గ్లోసాప్టెరిస్ ఆకుముద్రలే దక్షిణాఫ్రికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ, అంటార్కిటికాలోనూ దొరికాయి. అవన్నీ వొకప్పుడు వొకే ఖండమని తేలింది. ఆ ఖండానికి గోండుల పేరుమీద గోండ్వానా అని పేరు పెట్టారు. తమ పేరు భూగోళమంతా తిరిగిందన్న కబురు గోండు గూడేలకు యెప్పుడు చేరిందో! యేమైనా, ప్రపంచం వొక్కరోజు తయారైన వస్తువు కాదని, దానికి చరిత్ర వుందని చెప్పడానికి గనికార్మికుడి తట్ట చాలు.

చరిత్ర వుంటే మొదలు కూడా వుండాలి గదా అంటారు. ఇక్కడ మన అభ్యుదయవాదులు జాగ్రత్తగా వుండాలి. విశ్వం వ్యాకోచించగలదని సమీకరణాల్లో మొదట చూపినది 1922లో పెట్రోగ్రాడ్‌లోని ఫ్రీడ్‌మన్. బెల్జియం మతాచార్యుడు లెమైత్ర్ 1927లో అదే ఫలితాన్ని గెలాక్సీల చలనంతో ముడిపెట్టాడు. 1951లో పోప్ పన్నెండో పయస్ దీన్ని సృష్టికి సాక్ష్యమన్నాడు. అది లెమైత్ర్‌కే రుచించలేదు. అంతకు ముందే, 1947లో, జ్దానోవ్ యిటువంటి సిద్ధాంతాలను భావవాదమని ఖండించాడు. మతాచార్యుడు మెచ్చితే అబద్ధమనడం, పోప్ మెచ్చితే నిజమనడం రెండూ వొకే తప్పు. 1965లో పెన్‌జియాస్, విల్సన్‌లు ఆకాశమంతటా వ్యాపించిన మైక్రోవేవ్ కాంతిని పట్టుకున్నారు. ఆనాటి వేడి దట్టమైన స్థితికి అది మిగులు సాక్ష్యం. వ్యాకోచం మొదలై సుమారు 1380 కోట్ల సంవత్సరాలు.

దీనితో ప్రశ్న తీరిందా? 1982లో విలెంకిన్ శూన్యం నుంచి విశ్వం క్వాంటం నియమాల ప్రకారం పుట్టవచ్చునని లెక్కగట్టాడు. 2010లో హాకింగ్, మ్లాడినో రాసిన పుస్తకం దేవుడి అవసరం లేదన్నది. కాని ఆ శూన్యం వుత్త శూన్యం కాదు, దానికి నియమాలున్నాయి. ఆ నియమాలు యెందుకున్నాయో ఆ లెక్క చెప్పదు. దీన్ని పట్టుకుని అక్కడ దేవుణ్ని నిలబెట్టేవారు, ఆయన మాత్రం యెందుకున్నాడో చెప్పవలసి వస్తుంది. ఆయనకు కారణం అక్కరలేదంటే, నియమాలకు మాత్రం యెందుకు కావాలో చెప్పాలి. గురుత్వాకర్షణనూ క్వాంటం సిద్ధాంతాన్నీ కలిపే సర్వసమ్మతమైన సిద్ధాంతం యిప్పటికింకా లేదు. అది లేనంతవరకూ ఆ తొలి క్షణంలో కాలం అన్న మాటకు అర్థమేమిటో కూడా నిశ్చయంగా చెప్పలేం.