గుత్తివంకాయ పూర్వకథ



హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున జూబిలీ హిల్సు, ఫిల్ము నగరు అను పేటలు కలవు. ఒకప్పుడు బండరాళ్ళును తుప్పలును నిండియుండిన ఆ గుట్టలపై నేడు తెలుగు చలనచిత్రములవారి నివాసములును కార్యస్థానములును వెలసియున్నవి. పూర్వము మన చిత్రములు ఎక్కువగా మద్రాసులో తయారగుచుండెను. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు ఆరగించిన పెండ్లివిందు అచ్చట చిత్రింపబడినదే. తరువాత 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను, 1989లో రామానాయుడుగారు తమ స్టూడియోను ఈ ప్రాంతమున నెలకొల్పిరి. పరిశ్రమతోపాటు కృష్ణా, గోదావరీ, గుంటూరు సీమల వంటలును తరలివచ్చినవి. ఆ సీమల గుత్తివంకాయయు, హైదరాబాదువారి బఘారా బైంగనును ఒకే పంక్తిలో వడ్డింపబడుచున్నవి. ఏది అసలు, ఏది అనుకరణ అను వాదము తినువారి నడుమ పుట్టుట సహజమే. ఆ వాదమును చరిత్ర యెట్లు తీర్చునో విచారింతము.

మొదట కాయ సంగతి. వంగ మన దేశపు నేలలో అనాదిగా నున్న పంట. సంస్కృతమున దీనికి వార్తాకము, భంటాకి అని పేళ్ళు. వాతింగణ మనియు ఒక పేరు కలదు. ఆ పేరే పారసీకమున బాదింగాన్, అరబ్బీలో బాదింజాన్ అయి, పోర్చుగీసువారి నోట బెరింజెలాగా మారి, ఆంగ్లేయుల బ్రింజాల్ అయి తిరిగి మన సంతలకే వచ్చినది. తుర్కీవారు ఈ కాయలో ఉల్లి కూరి నూనెలో మగ్గించి, దానికి 'ఇమాము మూర్ఛపోయెను' అను అర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. రుచి యంతటిదని వారి భావము.

కూరి వండుట మనకును క్రొత్త కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి నేలిన పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాస'మను గ్రంథమును రచించెను. అందలి అన్నభోగ ప్రకరణమున వంకాయను తొలిచి, లోపల సన్నగా తఱిగిన మాంసము కూరి వండు పూరభట్టాకమను వంటకము చెప్పబడినది. మొగలాయీలు దక్కనుకు రాకమునుపు అయిదువందల యేండ్లనాటి మాట యిది.

ఇక సంబారములు. లవంగము మొలక్కా దీవులది. మేలైన దాలుచినచెక్క సింహళముది. మిరియము, ఏలకి మలయాళదేశపు కొండలవి. కాకతి గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుంకము విధింపబడిన సరకులలో మిరియమును కలదు. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో చలికాలపు భోజనమును వర్ణించుచు వేడికూరలకు చెప్పిన కారము మిరియపుపొడియే. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. అది మిరియము పేరునే తాను పెట్టుకొని, మిరియమును వెనుకకు నెట్టివేసినది. వేరుసెనగయు దక్షిణ అమెరికాదే.

వండు విధమును పెద్దలెఱిగినదే. లేతకాయను తొడిమ వీడకుండ నాలుగు చీలికలుగా చీరి ఉప్పునీట వేయుదురు. ధనియములు, సెనగపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి, మిరపకాయలు దోరగా వేయించి, చింతపండును, వేడిచేయు ద్రవ్యములైన దాలుచినచెక్క, లవంగములను చేర్చి నూరి, ఆ ముద్దను కాయలలో కూరుదురు. పిమ్మట దళసరి పాత్రలో నూనెపై కాయలు పరచి, క్రింద సన్నని సెగ పెట్టి, మూతపైని నిప్పులు పోయుదురు. క్రింది సెగయు మీది సెగయు కలిసి కాయను మగ్గించును. దమ్ము అని నవాబుల వంటవారు పిలిచినది ఈ పద్ధతినే. వైద్యులు పుటపాకమన్నది దీనికి దాయాదియే. ఇప్పటి విద్యుత్తు పొయ్యిపెట్టె చేయు పనియు నిదియే. వంకాయ కండ స్పంజివలె గాలిగదులతో నిండియుండును. మంట తొందరపడినచో అది నూనెను పీల్చుకొని బరువెక్కును. నిదానించినచో గదులు కూలి, పీల్చిన నూనెను సంబారపు పరిమళముతో మరల విడుచును.

ఇప్పుడు వాదమునకు వత్తము. బఘారా అను మాట ఉర్దూలో తాళింపునకు పేరు. అసఫ్ జాహీల పాలనలో, అనగా 1724 మొదలు 1948 వఱకు, హైదరాబాదు వంట పెంపొందెను. కాని అందలి పులుసు దేనితో చేయుదురు? నువ్వులు, కొబ్బరి, వేరుసెనగ, చింతపండు! పేరు ఉత్తరమునుండి వచ్చినను ముద్ద దక్కను రోటిదే. గుత్తివంకాయలోని లవంగము ఓడ దిగి వచ్చినదే. కావున రెండు కూరలలో ఏదియు మరియొకదానికి దొంగసొత్తు కాదు. ఇచ్చిపుచ్చుకొనుటవలన రెండును పెరిగినవి. పంక్తిలో ఒకరి విస్తరిని మరియొకరు తక్కువ చేయుటకు చరిత్రలో ఆధారము లేదు.

అయితే ఒక్కటి మాత్రము మన చేతనే నున్నది, అది విత్తనము. సంబారము అంగడిలో దొరకును. కూరుటకు తగిన పలుచని తోలు, తక్కువ గింజలు గల గుండ్రని నాటుకాయ దొరుకుట నానాటికి అరుదగుచున్నది. పురుగును తట్టుకొనునట్లు జన్యుమార్పు చేసిన వంగను సాగుచేయు విషయమై హైదరాబాదుతో సహా 7 నగరములలో ప్రజాభిప్రాయము విని, కేంద్రప్రభుత్వము 2010 ఫిబ్రవరి 9న దానిని నిలిపివేసెను. నాడు రైతులు వాదించినది ఈ విత్తనము కొఱకే. రాజేంద్రనగరమున జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ శాఖ విత్తనములను భద్రపరచుచున్నది. అయినను గిడ్డంగిలోని గింజ పెరటిలోని మొక్కకు సాటి రాదు.

గ్రామపెద్దలారా! మీ యూరి మంచి వంగమొక్కపై రెండు కాయలు కోయక విడువుడు. పసుపు రంగుకు తిరిగి మెత్తబడిన పిమ్మట గింజ తీసి, కడిగి, నీడ నారబెట్టి, బూడిదతో కలిపి కుండలో దాచుడు. వేఱుజాతి వంగ దాపున లేకుండ చూచుకొనుడు. మీ పెరటి గింజ నిలిచినంతకాలము గుట్టమీది వంటయింటికిని, గూడెములోని పొయ్యికిని రుచి కొఱవడదు.