చిట్టెలుకలో పురుగు జాడ: మెరిసే రంగుతో లార్వాల ఆచూకీ

కుక్కల పేగుల్లో ఉండే ఏలికపాము టాక్సోకారా కేనిస్. దాని గుడ్లు మట్టితో పాటు పిల్లల కడుపులోకి చేరితే లార్వాలు కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు దాకా వెళ్తాయి. కంట్లో చేరితే చూపే పోవచ్చు. మనిషిలోలాగే చిట్టెలుకలోనూ అవి పెద్ద పురుగులు కావు. పరిశోధకులు దాన్ని ఎంచుకున్నది అందుకే.

పాత పద్ధతిలో అవయవాన్ని ముక్కలు చేసి, పెప్సిన్ కలిపిన ఆమ్లంలో కరిగించి లార్వాలను లెక్కిస్తారు. ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, సరిగ్గా ఎక్కడ ఉన్నాయో తెలియదు. సీఎఫ్ఎస్ఈ వంటి రంగు పట్టించిన లార్వాలను ఎక్కిస్తే ఆ చోటూ దొరుకుతుంది. కణాల్లోని ఎంజైములు ఈ రంగును మెరిసే రూపానికి మారుస్తాయి. అది ప్రొటీన్లకు అంటుకుని, నీలి కాంతి పడగానే ఆకుపచ్చగా కనిపిస్తుంది. అయితే కాలేయానికి సొంత మెరుపు కొంత ఉంటుంది. కాబట్టి రంగు వేయని లార్వాలు ఎక్కించిన ఎలుకతో పోల్చి చూడాల్సిందే. పైగా మెరిసిన ప్రతి లార్వా బతికి ఉన్నట్టు కాదు.