మింగో సాండర్స్ తొక్కిన సైకిలు

కొండల్లో సైకిలు తొక్కడం ఇప్పుడు మనకి సరదా. లావుపాటి టైర్లు, షాక్ అబ్సార్బర్లు, బోలెడు గేర్లు, దారి చూపించడానికి జీపీఎస్. ఇవేవీ లేని రోజుల్లో అమెరికాలో కొందరు సిపాయిలు తొక్కిన దారి గురించి చదివాక, శనివారాల్లో నేను పడే ఆయాసం గురించి ఎవరికీ చెప్పుకోవడం మానేశాను.

మోంటానా రాష్ట్రంలోని ఫోర్ట్ మిజూలాలో అప్పట్లో 25వ పదాతి దళం ఉండేది. సిపాయిలంతా నల్లవాళ్ళు, పైన ఆఫీసర్లు దాదాపు అందరూ తెల్లవాళ్ళు. లెఫ్టినెంట్ జేమ్స్ మాస్‌కి ఒక ఆలోచన వచ్చింది. గుర్రానికి దాణా కావాలి, నీళ్ళు కావాలి, విశ్రాంతి కావాలి. సైకిలుకి ఇవేమీ అక్కర్లేదు కదా! 1896లో కొద్దిమందితో ఎల్లోస్టోన్ దాకా వెళ్ళొచ్చాడు. మరుసటి ఏడాది ఏకంగా సెయింట్ లూయిస్‌కి బయల్దేరదీశాడు. దూరం 1,900 మైళ్ళు, అంటే మూడు వేల కిలోమీటర్ల పైమాటే.

1897 జూన్ 14న ఇరవై మంది సిపాయిలు బయల్దేరారు. గేర్లు లేని సైకిళ్ళు. దుప్పటి, గుడారం గుడ్డ, తిండి సామాను కట్టాక ఒక్కోటీ పాతిక కిలోలు దాటింది. తుపాకీ, తూటాలు అదనం. వాళ్ళలో పెద్దవాడు మింగో సాండర్స్. వయసు నలభైకి దగ్గర, ఒక కన్ను సరిగ్గా కనపడదు.

నదీ లోయల వెంట దారి అంటే చల్లగా, చదునుగా ఉంటుందనుకుంటాం. వానపడితే అక్కడి బంకమట్టి చక్రాలకి చుట్టుకుని సైకిలు కదిలేది కాదు. అప్పుడిక రైలు పట్టాలే దిక్కు, స్లీపర్ల మీద నడిపించుకుంటూ పోవడమే. హెలెనా దగ్గర కొండలెక్కేటప్పుడు జూన్ నెలలోనే మంచు. నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో మండే ఎండ, తాగితే జబ్బుచేసే ఉప్పునీళ్ళు. అయినా జూలై 24న, 41వ రోజున, సెయింట్ లూయిస్ చేరారు. జనం ఎదురొచ్చి స్వాగతం చెప్పారు. తిరుగు ప్రయాణం మాత్రం రైల్లో!

1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది, సైకిళ్ళ ప్రయోగం అక్కడితో ఆగిపోయింది. సాండర్స్ క్యూబాలో పోరాడాడు, తర్వాత ఫిలిప్పీన్స్‌లో.

అసలు కథ ఇక్కడుంది. 1906లో ఈ దళంలో కొంత భాగాన్ని టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్‌కి పంపారు. ఆగస్టులో ఒక రాత్రి ఊళ్ళో కాల్పులు జరిగి ఒకడు చనిపోయాడు. నేరం సిపాయిల మీద పడింది. చేసిందెవరో చెప్పమంటే, మాకు తెలీదన్నారు. దాంతో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కోర్టు మార్షల్ కూడా లేకుండా 167 మందిని సైన్యం నుంచి తీసేశాడు. వాళ్ళలో సాండర్స్ ఒకడు. 26 ఏళ్ళ సర్వీసు, చేతికందబోతున్న పింఛను, అన్నీ పోయాయి.

ఆ ఉత్తర్వు తప్పని 1972లో సైన్యం ఒప్పుకుంది. అప్పటికి సాండర్స్ పోయి 43 ఏళ్ళు.

మాస్ సైకిలుని పరీక్షించాలనుకున్నాడు. నాకైతే ఆ దారిలో పరీక్షకి నిలబడింది మనుషులే అనిపిస్తుంది. వాళ్ళ మాట నమ్మడానికి ఆ 1,900 మైళ్ళూ చాలలేదు. 1974లో మోంటానా విశ్వవిద్యాలయం నుంచి కొందరు మళ్ళీ అదే దారిలో సెయింట్ లూయిస్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళారు. మీరెప్పుడైనా మిజూలా వైపు వెళ్తే ఆ కోట చూడండి, ఇప్పుడది మ్యూజియం.