చేపలతొట్టిలో కానరాని సేద్యగాండ్రు



గాజుతొట్టిలో బంగారు చేపలను పెంచు వేడుక మన పట్టణములనుండి పల్లెలకును ప్రాకినది. ఒకరు వాడి విడిచిన తొట్టిని వేరొకరు చౌకగా కొనితెత్తురు. దానిని తళతళలాడునట్లు కడిగి, తేటనీరు నింపి, ఆనాడే చేపలను విడుతురు. పదిదినములు గడవకమున్నే చేపలు ఒక్కొక్కటిగా వెల్లకిల పడును. నీరు చూడ స్ఫటికమువలె నుండును, మేతకు లోటులేదు. మరి చేప యేల చచ్చినది? ఈ ప్రశ్న వెంట నడచినచో ఇంగ్లండు దేశమున ఒక తండ్రియు, ఆయన కుమారుడును మనకు ఎదురగుదురు. ఇరువురి పేరును రాబర్టు వారింగ్టనే.

తండ్రి లండను నగరమున మందులు చేయువారి సంఘమునకు చెందిన రసాయనజ్ఞుడు. ఆయన 12 గ్యాలనుల గాజుపాత్రలో ఇసుకయు బురదయు పఱచి, ఊటనీరు పోసి, వాలిస్నీరియా అను నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారు చేపలను విడిచెను. చేప విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించును; మొక్క విడుచు ప్రాణవాయువును చేప పీల్చును. అయినను కొన్నాళ్లకు ఆకులు క్రుళ్లి నీరు చెడసాగెను. అంతట ఆయన చెరువునత్తలను తెచ్చి వేసెను. నత్తలు క్రుళ్లిన ఆకులను తినెను. నత్తగ్రుడ్లు చేపలకు ఆహారమాయెను. నీరు మరల తేటపడెను. ఈ సంగతిని 1850వ సంవత్సరమున లండను రసాయన సంఘమువారి పత్రికలో ప్రకటించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము వెలసెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ‘అక్వేరియం’ అను గ్రంథము వ్రాయగా, ఆ పేరే లోకమున నిలిచినది.

కాని తండ్రి లెక్కలో ఒక పద్దు తప్పిపోయెను. చేప తన మొప్పలనుండి అమోనియాను విసర్జించును. మిగిలిన మేత క్రుళ్లినను అమోనియాయే పుట్టును. అది నీటిలో కరగి కంటికి కనబడదు. కొంచెమైనను చేప మొప్పలను కాల్చివేయును. ఈ విషమంతయు ఎటు పోవుచున్నది?

సమాధానము నేలనుండి వచ్చినది. పశువుల కొట్టముల వద్ద మట్టిలో తెల్లగా పూయు పెట్లుప్పు మీరెరిగినదే. పేడయు పంచితమును మట్టిలో మాగి అట్లు మారుటకు కారణమేమి? 1877లో ఫ్రాన్సు దేశమున ష్లేజింగ్, మ్యుంట్జ్ అను ఇరువురు పండితులు మీటరు పొడవుగల గొట్టములో ఇసుకను, సున్నపురాతి పొడిని నింపి, మురుగునీటిని మెల్లగా పారించిరి. ఇరువది దినములవరకు మార్పు లేదు. పిమ్మట అమోనియా నైట్రేటుగా మారుట ఆరంభమాయెను. క్లోరోఫారము ఆవిరి తగిలింపగనే ఆ పని ఆగిపోయెను. మట్టి కడిగిన నీరు పోయగా మరల సాగెను. పని చేయునది ప్రాణము గలదియే యని దీనివలన తేలినది.

ఆ వార్త విని కృషికి దిగినవాడు కుమారుడు వారింగ్టను. ఆయన రోథంస్టెడు వ్యవసాయ పరిశోధనశాలలో పెక్కేండ్లు శ్రమించి, ఈ మార్పు రెండు మెట్లలో జరుగునని చూపెను. ఒక తెగ సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మార్చును. అదియు చేపకు విషమే. రెండవ తెగ దానిని నైట్రేటుగా మార్చును; అది అంతగా హానిచేయదు, మొక్కలకు ఎరువగును. కాని ఆ జీవులను విడదీసి పెంచుట ఆయనకు సాధ్యము కాలేదు. 1890లో వినోగ్రాడ్స్కీ అను రష్యా పండితుడు జూరిచ్ నగరమున దానిని సాధించెను. ఇతరులు వానికి బలమైన ఆహారము పెట్టి విఫలులైరి. అవి అమోనియావలననే బ్రదుకునవని ఆయన గ్రహించెను. తండ్రి గాజుపాత్రలోని ఇసుకయందు చేరి నిశ్శబ్దముగా పాటుపడిన కూలీలను కుమారుడు పొలము మట్టిలో గుర్తించినాడన్నమాట. మంచినీటి తొట్లలో రెండవ మెట్టు పని ముఖ్యముగా నైట్రోస్పిరా అను జాతి చేయునని 1998లోను, ఆ జాతిలో కొన్ని రెండు మెట్లను తామే నడుపునని 2015లోను తెలియవచ్చెను.

ఇక పాతతొట్టి కొన్నవారు చేయవలసినదేమి? ముందుగా నీరు నింపి ఒకదినముంచి, అతుకులు కారునేమో చూడవలెను. సబ్బు తగిలింపరాదు. కుళాయినీటిలోని క్లోరిను ఈ జీవులను చంపును గనుక దానిని పోగొట్టిన నీరే వాడవలెను. గులకరాళ్లు పఱచి, గాలి ఆడించు యంత్రము పెట్టి, చేపలు లేకుండగనే దినమునకు చిటికెడు మేత వేయుచుండవలెను. మూడు మొదలు ఆరు వారములలో నీటికి పదును వచ్చును. అంగళ్లలో దొరకు పరీక్షమందులతో చూచినపుడు అమోనియా, నైట్రైటు రెండును లేక, నైట్రేటు మాత్రము కనబడినచో తొట్టి సిద్ధమైనట్లు. అప్పుడైనను చేపలను కొద్దికొద్దిగా విడువవలెను. వారమున కొకమారు కొంత నీరు మార్చవలెను.

పాలు తోడుకొనుటకు పాతపెరుగు చుక్క కావలయునుగదా! ఇచటను అట్లే. నడచుచున్న తొట్టిలోని తడి గులకరాళ్లయందు ఆ జీవులు అంటుకొనియుండును. వానిని ఎండనీయక, వేడినీట కడుగక తెచ్చి వేసినచో వారములు దినములగును. కావున పాతతొట్టి బేరమాడునపుడు గాజుపెట్టె నొక్కదానినే అడుగక, దాని అడుగున నున్న తడి గులకరాళ్లను గూడ అడిగి తెచ్చుకొనుడు.